తొంభై ఆరు గుడ్లు

మనిషికి మూడు. ముప్పై రెండు మంది.
లెక్క రాత్రే వేసుకున్నా, బేకరీ బిల్లు వెనకాల.
మూడెక్కువ అన్నాడు లూర్దుసామి.
చీకట్లో లేచి కాక్స్ టౌను వీధులన్నీ ఊడ్చేవాళ్లకి
ఏది ఎక్కువో
తొమ్మిదింటికి లేచే నీకేం తెలుసన్నా.
నవ్వి, తాళాలు నా చేతిలో పడేసి పోయినాడు.

నిన్నటి బ్రెడ్డు, అమ్ముడుపోనిది, ఎనిమిది పౌండ్లు.
తాజాది దీనికి పనికిరాదు,
పాలు తాగి కూలిపోతుంది.
ఒక పూట ఎండినదే నిలబడుతుంది.
రొట్టె మాటే ఇది. మా అమ్మ మాట కాదు.

ముక్కలు చేసి, వెన్న రాసిన రెండు రేకు ట్రేల్లో పరిచి
ఉర్లగడ్డలు ఉడికీ ఉడకకముందే దించి
ఎర్రగడ్డలు రంగు తిరిగేదాకా వేయించి
పచ్చిమిరపకాయల్ని తరగలేదు, దంచినా.
బెంగుళూరొచ్చి ముప్పై ఏళ్లయినా
మావాళ్ల నాలుక పెనుకొండ దాటి రాలేదు.

గుడ్లు కొట్టేటప్పుడు
మొదటి పదింటి చప్పుడు వినబడింది.
ఇరవై దాటినాక చెయ్యి ఒక్కటే మేలుకొని ఉంది.
డెబ్బై మూడోది కుళ్లిపోయింది.
ఒక్కొక్కటీ చిన్న గిన్నెలో కొట్టి చూసి పోస్తున్నా కాబట్టి సరిపోయింది.
ఆ అలవాటు అమ్మదే:
నమ్మకం మంచిదే పిల్లా, వేరే గిన్నె ఇంకా మంచిది.

రాత్రి పదకొండింటికి చాంద్ పాషా షట్టరు తట్టి
ఒక గుడ్డు కావాలన్నా.
ఒక్కటేనా?
ఒక్కటే.
డబ్బులు తీసుకోలేదు. తిట్టినాడు మాత్రం.

మూడు లీటర్ల పాలు, ఉప్పు, మిరియాలు, కొత్తిమీర
కలిపి పోసి, తడిగుడ్డ కప్పి వదిలేసినా.
నానే పని దానిది. నిద్రపట్టకపోవడం నాది.

నాలుగింటికి పొయ్యిలో పెట్టినా.
అయిదున్నరకి మొదటి ట్రే పొంగి, అంచులు ఎర్రబడి, తల ఎత్తింది.
రెండోదాని నడుమ ఇంకా వణుకుతోంది.
వణికేదాన్ని తియ్యకూడదు.
మస్టరింగుకి పదిహేను నిమిషాలే ఉంది,
అయినా తియ్యకూడదు.

పార్కు గోడ పక్కన హాజరు మిషను.
అమ్మ బొటనవేలు దానికి ఎప్పుడూ దొరకదు.
ముప్పై ఒక్క ఏండ్ల చీపురు
ఆ వేలి మీది గీతలు కూడా ఊడ్చేసింది.
ఒత్తుతుంది, కొంగుకి తుడుచుకుంటుంది, మళ్లీ ఒత్తుతుంది.
ఇవాళ అయిదోసారికి పచ్చలైటు వెలిగింది.
రేపటినుంచి వెలగనక్కరలేదు.

రొట్టెల సైకిలు వెనక ట్రేలు కట్టుకుని నేను పోయేసరికి
గంగులప్ప, చెన్నక్క, తిప్పేసామి, కొత్తగా చేరిన పిల్ల నాగవేణి
అందరూ చీపుర్లు గోడకానించి వరసలో నిలబడ్డారు.
వరసెందుకని అడిగినా.
అలవాటు అన్నారు.

పలకలు పలకలుగా కోసి ఆకుల్లో పెట్టినా.
ఎవరూ తినలేదు కాసేపు.
కాంట్రాక్టరు పంపే ఉప్మా ఎప్పుడూ
పొట్లంలోనే చల్లారి వస్తుంది,
పొగలొచ్చేదాన్ని ఏం చెయ్యాలో చేతులకి గుర్తు రాలేదు.
నాగవేణి ముందు ఊదింది.
ఆ తర్వాత ముప్పై రెండు నోళ్లు,
ఇంకా తెల్లారని ఆ రోడ్డు మీద
ఉఫ్ ఉఫ్ అని ఒకటే గాలి.

అమ్మ తన పలకని తిన్నదో లేదో చూడలేదు నేను.
ఎత్తిన ఆకులన్నీ ఆమే పోగుచేస్తోంది,
గంగులప్ప లాక్కుంటున్నాడు, ఆమె మళ్లీ లాక్కుంటోంది.

చివరికి ఖాళీ ట్రే దగ్గర కూర్చుని
మూలలో అంటుకున్న మాడుని
మిషనుకి దొరకని ఆ వేలితో గీకి
నోట్లో పెట్టుకుని, నమిలి, ఆలోచించి

ఉప్పు చాల్లేదు అంది.